కొత్త బోర్డుకి గొంతు రాలేదు

నా కంప్యూటర్‌కి మానిటర్ లేదు. ఒకప్పుడు ఉండేది. పక్కింటివాళ్లు సీసీ కెమెరా పెట్టించుకుంటూ, తెర ఒకటి కావాలని అడిగితే ఇచ్చేశాను. నాకు దానితో పనిలేదు. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది. ఆ గొంతుతోనే నా పనంతా జరుగుతుంది.

చూపు ఉన్న రోజుల్లో కావలిలో ఒక డీటీపీ సెంటర్‌లో పనిచేసేదాన్ని. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, అర్జీలు, చర్చి కూడికల పోస్టర్లు టైపు చేసేదాన్ని. ముందు చీకటిపడితే కనపడడం మానేసింది. తర్వాత పక్కనుంచి వచ్చేవి కనపడలేదు. ఆఖరికి ఎదురుగా ఉన్నవీ పోయాయి. అప్పటికి నా వేళ్లకు తెలుగు కీబోర్డు బాగా అలవాటయిపోయింది కాబట్టి పని మాత్రం పోలేదు. నెల్లూరులో కొన్నాళ్లు శిక్షణ తీసుకుని, ఇంట్లోనే సెకండ్ హ్యాండ్ సిస్టం పెట్టుకున్నాను. జనం ఫోన్లో రికార్డు చేసి పంపుతారు, నేను విని టైపు చేసి ఇస్తాను.

మాది బోగోలు మండలంలో సముద్రానికి దగ్గర ఊరు. ఉప్పుగాలికి మా ఇంట్లో గడియలు, గొళ్లేలు ఊరికే తుప్పు పట్టి రాలిపోతుంటాయి. కంప్యూటర్‌కి గుడ్డ కప్పేదాన్ని గానీ, నడిచేటప్పుడు దాని ఫ్యాను లోపలికి లాక్కునేది ఆ గాలినే కదా.

ఆ వానాకాలం మా చర్చి సంఘం వందేళ్ల పండగకి ఒక సంచిక వేస్తున్నారు. పాస్టరు గారు ముసలివాళ్ల ఇళ్లకు పోయి, వాళ్ల జ్ఞాపకాలు ఫోన్లో రికార్డు చేసి నాకు పంపుతున్నారు. ఒక అవ్వ, గాలివానకి చర్చి పైకప్పు లేచిపోతే పొలాల్లో పడ్డ రేకులు మోసుకొచ్చిన సంగతి చెప్పింది. ఆమె మాట మధ్యలో కోళ్ల అరుపులు, దగ్గులు. అది సగం టైపు చేసి భోజనానికి లేచాను. తిరిగొచ్చి చూస్తే సిస్టం ఆగిపోయి ఉంది. మీట ఎన్నిసార్లు నొక్కినా ఉలకలేదు.

కావలినుంచి మెకానిక్ వచ్చాడు. నేను డీటీపీ సెంటర్‌లో ఉన్నప్పటినుంచీ తెలిసినవాడే. నన్ను అక్కా అంటాడు. వస్తూనే, "మానిటర్ యాడుందక్కా?" అన్నాడు.

"లేదు తమ్ముడూ."

"లేకపోతే ఎట్లా చూసేది?"

"నేను చూడను గదా."

అతను నవ్వి, సీపీయూ డబ్బా మూత విప్పాడు. స్క్రూలు తుప్పుతో కిర్రుమన్నాయి.

"బోర్డంతా పచ్చగా చిలుం పట్టిపోయిందక్కా. ఇది ఇంక లేవదు. ఈ మోడల్ ఇప్పుడు దొరకదు కాబట్టి మదర్‌బోర్డు, ప్రాసెసరు, ర్యాము కొత్తవి వెయ్యాల. హార్డ్ డిస్కు బాగుంటే అదే పెడతా. ఫార్మాట్ కొట్టి కొత్తగా ఎక్కించేస్తే ఏ తలనొప్పీ ఉండదు."

"ఫార్మాట్ వద్దు," అన్నాను.

ఎందుకు వద్దో చెప్పాను. ఆ డిస్కులో ఫైళ్లు ఒక్కటే కాదు, నేను ఏళ్లపాటు తీర్చిదిద్దుకున్న గొంతు ఉంది. మొదట్లో అది బైబిలు వాక్యాల అంకెలు గడియారం టైము లాగా చదివేది. అధ్యాయం, వచనం అని చదవడం నేర్పాను. రెవరెండ్‌కి పొట్టిగా రాసే అక్షరాలు చూసి ఏదో తిట్టు లాగా పలికేది, అదీ సరిచేశాను. మా చుట్టుపక్కల ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే దిద్దాను. ఏ మీట నొక్కితే ఏం జరగాలో నా చేతివాటానికి తగ్గట్టు పెట్టుకున్నాను. ఇదంతా మళ్లీ మొదలుపెడితే సంచిక అచ్చుకి పోయేలోపు తెమలదు.

అతను ఆలోచించాడు. "పాత డిస్కుని కొత్త బోర్డుకి తగిలిస్తే లేస్తే లేస్తాది, లేకపోతే నీలం తెర వేసి కూర్చుంటాది. దాంట్లో పాత బోర్డు డ్రైవర్లు ఉంటాయి గదా. సరే, ముందు అంతా ఇంకో డిస్కుకి కాపీ చేసుకొని, తర్వాత ట్రై చేస్తా."

డబ్బా తీసుకుపోయాడు. కాపీ అయిందని, డిస్కు కొత్త బోర్డు మీద లేచిందని, డిస్కు సెట్టింగు పాత బోర్డులో ఉన్నట్టే పెట్టానని మరుసటిరోజు ఫోన్ చేసి చెప్పాడు. నాకు ప్రాణం కుదుటపడింది. ఆ సాయంత్రమే బండి మీద పెట్టుకుని తెచ్చిచ్చాడు. అతను వచ్చేసరికి మా ఊళ్లో కరెంటు లేదు. మసక వెలుతురులో తడుముకుంటూ వైర్లన్నీ తగిలించి, "షాపులో చూసినా, పిక్చర్ బ్రహ్మాండంగా వస్తుండాది. కరెంటు రాంగానే ఆన్ చేసుకో అక్కా. నాకు అల్లూరులో కెమెరాల పని ఉండాది," అని వెళ్లిపోయాడు.

కరెంటు వచ్చింది. మీట నొక్కాను.

ఏమీ లేదు. పాత సిస్టం లేచేటప్పుడు టిక్కుమని ఒక శబ్దం చేసేది, తర్వాత ఫ్యాను గరగరమనేది. కొత్తదానికి ఆ టిక్కు లేదు. ఫ్యాను కూడా ఎంత మెత్తగా తిరుగుతోందంటే డబ్బా మీద చెయ్యి వేస్తే గానీ తెలియలేదు. పాస్‌వర్డ్ కొట్టి, గొంతుని లేపే మీటలు నొక్కాను. మళ్లీ నొక్కాను. స్పీకర్ స్విచ్ తడిమి చూస్తే ఆన్‌లోనే ఉంది.

సిస్టం నిజంగా లేచిందో లేదో, పాస్‌వర్డ్ సరిగ్గా పడిందో లేదో, ఏదన్నా ప్రశ్న అడుగుతోందో, నాకు తెలిసే దారి లేదు. చూపు పోయిన కొత్తల్లో కూడా నాకు అంత దిక్కుతోచకపోవడం గుర్తులేదు. అప్పుడు కనీసం మనుషుల మాటలు వినపడేవి. ఇప్పుడు నా ఎదురుగా ఒక వస్తువు పనిచేస్తూనే ఉంది, కానీ నాతో మాట్లాడడం లేదు. కీబోర్డు మీద చేతులు పెట్టుకుని ఊరికే కూర్చున్నాను.

మెకానిక్‌కి ఫోన్ చేస్తే దారిలో బండి ఆపి మాట్లాడాడు.

"అయ్యో, సౌండ్ డ్రైవర్ పడుండదక్కా. షాపులో స్పీకర్ పెట్టి చూళ్లా. తెర వచ్చింది గదా అని కట్టేసినా. బోర్డుతో డ్రైవర్ల సీడీ వచ్చింది గానీ నీ డబ్బాకి సీడీ పెట్టే చోటే లేదు."

"నెట్ నుంచి దింపుకోవచ్చు గదా?"

"నెట్ కార్డు డ్రైవరూ పడలా. ఎల్లుండి వస్తా, చూస్తా."

అతన్ని తప్పు పట్టడానికేమీ లేదు. తెర వస్తే కంప్యూటర్ బాగున్నట్టే అందరికీ.

నేను ఫోన్ పెట్టేసరికి మా ఆయన వచ్చాడు. రొయ్యల గుంటలకి ఐసు తోలే ట్రాలీ ఆటో ఆయనది. ఏమైందని అడిగితే డ్రైవర్ లేదన్నాను.

"డ్రైవర్ లేకపోవడమేంది? నేనుండా గదా!"

నవ్వు వచ్చింది. విడమరిచి చెప్పాను. కంప్యూటర్ లోపల ఒక్కో భాగం ఒక్కో భాష మాట్లాడుతుంది. సిస్టంకి ఆ భాష తెలియదు. మధ్యలో దుబాసీ లాగా ఉండే చిన్న ప్రోగ్రామే డ్రైవర్. మన డిస్కులో ఉన్న దుబాసీలంతా పాత బోర్డు భాష తెలిసినవాళ్లు. ఇప్పుడు బోర్డు మారింది.

"అయితే కొత్త దుబాసీని పిలవాల."

"పిలవాలంటే సిస్టం నాతో మాట్లాడాల. అది మాట్లాడాలంటే కొత్త దుబాసీ రావాల."

ఆయనకీ విషయం అర్థమైంది. ఆ రాత్రికి వదిలేశాం.

పొద్దున్నే, చిట్టమూరు దగ్గర ఊరివారైన ఒక సారుకి ఫోన్ చేశాను. ఆయనకూ చూపు లేదు. బ్యాంకులో ఉద్యోగం. మాలాంటివాళ్ల ఫోన్ గ్రూపులో పరిచయం, ఎప్పుడూ కలవలేదు. సంగతంతా విని, "ఇంట్లో యూఎస్‌బీ హెడ్‌సెట్ ఉందా అమ్మా?" అన్నారు. "గుండ్రటి పిన్ను ఉండేది కాదు. పెన్‌డ్రైవ్ పెట్టే చోట పెడతామే, అది."

"లేదు సార్. దానితో ఏమవుతుంది?"

"బోర్డు మీదున్న సౌండుతో దానికి సంబంధం లేదు. దాని సౌండ్ కార్డు దాంట్లోనే ఉంటుంది. దానికి కావలసిన డ్రైవరు సిస్టంలో ముందే ఉంటుంది. పెట్టి, కొంచెంసేపు ఆగి, గొంతుని మళ్లీ లేపండి. మాట్లాడితే మిగతావన్నీ మీరే చేసుకోగలరు."

అలాంటిది పాస్టరమ్మ గారి దగ్గర ఉందని గుర్తొచ్చింది. ఆన్‌లైన్ క్లాసులు చెప్పేటప్పుడు వాడేవారు. మా ఆయన పోయి తెచ్చాడు. చెవికి పెట్టుకునే మెత్తలు చిరిగి పొట్టు రాలుతున్నాయి. పెన్‌డ్రైవ్ సందు వెతికి వైరు పెట్టాను. సిస్టం ఎక్కడుందో తెలియదు కాబట్టి ఆపేసి, మళ్లీ మొదటినుంచి లేపాను. తీరిగ్గా ఆగి, పాస్‌వర్డ్ కొట్టి ఎంటర్ నొక్కాను. మళ్లీ ఆగాను. గొంతుని లేపే మీటలు నొక్కాను.

"ఏమన్నా అంటుందా?" అన్నాడు మా ఆయన.

చెయ్యెత్తి ఆగమన్నాను. చెవిలో చిన్న చిటపట. తర్వాత, "డెస్క్‌టాప్. రీసైకిల్ బిన్."

అంతకంటే మామూలు మాట ఇంకోటి ఉండదు. రోజూ వింటున్నదే. కానీ కింది బాణం మీటా పై బాణం మీటా నొక్కుతూ, ఆ పేర్లే మళ్లీ మళ్లీ చదివించుకున్నాను. నా వేగం, నా పలుకు, నేను పెట్టుకున్నట్టే ఉన్నాయి. కళ్లు తుడుచుకుంటుంటే మా ఆయన ఏమీ అడక్కుండా టీ పెట్టడానికి లోపలికి పోయాడు.

ఇక పని మొదలుపెట్టాను. పరికరాల జాబితా తెరిచి ఒక్కొక్కటీ చదివించాను. గుర్తుపట్టని వాటిని సిస్టం విడిగా ఒక చోట పోగేసి ఉంచుతుంది. నెట్ కంట్రోలర్, ఆడియో కంట్రోలర్, మరో రెండు మూడు. ఒక్కోదాని మీద ఎంటర్ కొడితే, దీనికి డ్రైవర్లు ఎక్కించలేదు అని ఒకటే మాట.

నెట్ కోసం నా ఫోన్‌ని చార్జింగ్ వైరుతో సిస్టంకి తగిలించి, ఫోన్లో నెట్ పంచుకునే సెట్టింగు ఆన్ చేశాను. దీనికీ కొత్త డ్రైవరు అక్కర్లేదు. నెట్ వచ్చింది. ఇప్పుడు బోర్డు మోడల్ తెలియాలి. మెకానిక్ బోర్డు అట్టపెట్టె మా ఇంట్లోనే వదిలిపోయాడు. మా ఆయన్ని చదవమన్నాను.

ఆయన చదువు అయిదో తరగతితో ఆగిపోయింది. ఇంగ్లీషు అక్షరాలు తెలుసు గానీ బండి నంబర్లు చదివినట్టు చదువుతాడు.

"హెచ్. తర్వాత ఎనిమిది. ఒకటి. సున్నా. ఎం. గీత. ఎనిమిది."

కొట్టాను. కంపెనీ సైటులో అలాంటి బోర్డే లేదంది.

"మళ్లీ చూడు."

"నేను సరిగ్గానే చెప్తుండా మేయ్. ఎనిమిది అంటే ఎనిమిదే."

మళ్లీ కొట్టినా లేదనే వచ్చింది. అప్పుడు తట్టింది. సిస్టం ఇప్పుడు మాట్లాడుతోంది కదా, దాన్నే అడగొచ్చు. సిస్టం వివరాలు చూపించే చోటు తెరిచి, బోర్డు పేరు దగ్గర ఆగి అక్షరం అక్షరం చదివించాను. చివరిది ఎనిమిది కాదు, బి.

"రెండూ ఒకటే మాదిరి ఉండాయిలే," అన్నాడాయన పెట్టె పక్కన పెడుతూ.

సైటులో ఆ బోర్డు పేజీ దొరికింది. సారు ఫోన్లో చెప్పిన వరస ప్రకారం ముందు చిప్‌సెట్ డ్రైవరు ఎక్కించాను. బోర్డు మీదున్న మిగతా భాగాలన్నిటినీ సిస్టంకి పరిచయం చేసేది అదే. తర్వాత నెట్ కార్డుది. ఫోన్ వైరు పీకేసి, అసలు నెట్ వైరుతో నడుస్తుందో లేదో చూసుకున్నాను. నడిచింది. ఆఖరుకి సౌండు. అది పెద్ద ఫైలు, దిగడానికి చాలాసేపు పట్టింది. ఎక్కించడం మొదలుపెట్టి, గొంతు చెప్పే శాతాలు వింటూ కూర్చున్నాను. ఎనభైయో ఎంతో అన్నాక గొంతు ఆగిపోయింది.

హెడ్‌సెట్ తీసి మళ్లీ పెట్టాను. లేదు. పాడుచేసేశాననుకున్నాను. మళ్లీ సారుకి ఫోన్ చేశాను.

"భయపడకండి," అన్నారు. "బోర్డు సౌండు వచ్చింది కాబట్టి సిస్టం మాటని అటు తిప్పేసింది. మీ హెడ్‌సెట్‌ని పక్కన పెట్టింది. మీ స్పీకర్ బోర్డుకి తగిలించి ఉందా?"

తగిలించే ఉంది. మెకానిక్ పెట్టి పోయాడు. కానీ స్పీకర్‌లోనుంచి కూడా ఏమీ రావడం లేదు. డబ్బా వెనక్కి చెయ్యి పోనిచ్చి తడిమాను. పక్కపక్కనే మూడు గుండ్రటి రంధ్రాలు. ఒకటి మాటలు బయటికి పంపేది, ఒకటి మైకుది, ఒకటి బయటి పాటలు లోపలికి తీసుకునేది. చూసేవాళ్లకి రంగు ఉంటుంది. నాకు మూడూ ఒకటే. స్పీకర్ పిన్ను చివరిదాంట్లో ఉంది.

దాన్ని పీకి పక్కదాంట్లో పెట్టాను. అదే క్షణంలో, "పూర్తయింది. ఇప్పుడు రీస్టార్ట్ చేయాలా?" అని స్పీకర్ గదంతా వినపడేలా అరిచింది. వాల్యూమ్ ఆఖరుకంటా పెట్టి ఉంది. వంటింట్లో మా ఆయన చేతిలో గిన్నె కింద పడింది.

"వచ్చిందా?" అని అరిచాడు.

"వచ్చింది!" అని నేనూ అరిచాను.

కరెంటు లేనప్పుడు మెకానిక్ ఆ పిన్నుని మైకు రంధ్రంలో పెట్టిపోయాడన్నమాట. డ్రైవరు ముందే ఉన్నా గొంతు వచ్చేది కాదు.

రీస్టార్ట్ చేశాక ఒక చిన్న చిక్కు మిగిలింది. మాటల మధ్య ఉన్నట్టుండి తెగిపోయి, మళ్లీ అందుకునేది. పాత బోర్డు సౌండు ప్రోగ్రామ్ ఇంకా అక్కడే ఉండి, లేని కార్డు కోసం వెతుకుతోందని సారు చెప్పారు. పరికరాల జాబితాలో దాచి ఉన్నవి కూడా చూపించమని ఒక సెట్టింగు ఉంటుంది. దాన్ని పెడితే పాత బోర్డు మీదున్నవన్నీ పేర్లతో సహా బయటపడ్డాయి. పాత సౌండు, పాత నెట్ కార్డు, ఎప్పుడో పోయిన పాత వెబ్‌క్యామ్. నాకు కచ్చితంగా తెలిసినవి మాత్రమే తీసేశాను. తెలియని పేర్ల జోలికి పోలేదు. పాత సౌండు ప్రోగ్రామ్ తీసేశాక మాట తెగడం ఆగింది.

మధ్యాహ్నానికి అవ్వ రికార్డింగు మళ్లీ పెట్టాను. ఆమె రేకులు మోసుకొస్తూ పొలం గట్టు మీదే ఉంది.

మెకానిక్ చెప్పినట్టే మరుసటిరోజు వచ్చాడు. పెన్‌డ్రైవ్ తెచ్చాడు, ఈసారి ఒక మానిటర్ కూడా మోసుకొచ్చాడు. తెర తగిలించి జాబితా చూసి, కాసేపు మౌస్ కదిపాడు.

"ఎవరు చేసినారక్కా?"

"నేనే."

"నెట్ యాడిది?"

చెప్పాను. హెడ్‌సెట్ సంగతి, ఫోన్ సంగతి, స్పీకర్ రంధ్రం సంగతి వరసగా చెప్పాను. రంధ్రం దగ్గరకి వచ్చేసరికి, "అబ్బా, నేనే పెట్టినా గదా," అని తల కొట్టుకున్నాడు. తర్వాత నేను గుర్తుపట్టలేక వదిలేసిన ఒక పరికరాన్ని పట్టుకున్నాడు. అది ఏమిటో నాకు అంతుపట్టలేదు. దాని నంబరు చూసి, ఏ కంపెనీ చిప్పో తెలుసుకుని, పెన్‌డ్రైవ్‌లోనుంచి ఎక్కించాడు. సిస్టం ఇది వేరే కంప్యూటర్ అనుకుని అడుగుతున్న లైసెన్సు సంగతి కూడా అతనే చూశాడు.

"బోర్డు బతికుండంగానే మారిస్తే ఇంత ఉండదక్కా," అన్నాడు. "ముందే పాత డ్రైవర్లు తీసేసి, కొత్త నెట్‌వీ, సౌండ్‌వీ డిస్కులో వేసుకొని దిగుతాం. నీది చచ్చినాక నా చేతికొచ్చింది."

"అది సరే. నాకు తెర కంటే సౌండు ముందు."

"ఇప్పుడు తెలిసింది గదా."

పని అయ్యాక మానిటర్ వైరు పీకేసి, "ఒకసారి నువ్వు పని చేసేది వినిపించు," అన్నాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నేను ఒక పేజీ తెరిచి చదివించాను. నా గొంతు వేగం కొత్తవాళ్లకి పట్టు దొరకదు. నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు ఉంటుందని మా ఆయన అంటాడు.

"ఇది తెలుగేనా?"

"తెలుగే."

"మెల్లగా పెట్టు."

సగానికి తగ్గించాను. ఇంకా తగ్గించమన్నాడు. మామూలు మనిషి మాట్లాడినంత నెమ్మది చేశాక వింటూ ఉండిపోయాడు. గాలివాన, ఎగిరిన రేకులు, వాటిని మోసుకొచ్చిన ఆడవాళ్లు, జల్లు కొట్టకుండా చర్చి కిటికీలకి కట్టిన గోతాలు. పేజీ అయిపోయాక, "తర్వాతేమైంది?" అన్నాడు.

ఇంకా టైపు కాలేదని చెప్పాను. సరేనని లేచి, మానిటర్‌ని బండి మీద తాళ్లతో కట్టుకుని, దగదర్తిలో ఏదో ప్రింటర్ చూడాలని వెళ్లిపోయాడు. నేను వేగం మళ్లీ పెంచుకుని అవ్వ దగ్గరికి తిరిగొచ్చాను. ఆమె రేకులకి మేకులు కొట్టడానికి ఎవరెవరు వచ్చారో ఒక్కొక్కరి పేరూ చెబుతోంది. కోళ్లు మళ్లీ అరుస్తున్నాయి.